ఆ ముక్క కుక్కకు వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా వీధి చివర మటన్ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. నా ముందున్న పెద్దాయన అరకిలో కార్జం అడిగారు. కొట్టతను కార్జాన్ని మొద్దు మీద తిరగేస్తే అంచున నిమ్మకాయంత తెల్లటి బుగ్గ కనిపించింది. కత్తి మొనతో దాని చుట్టూ కోసి, వెనక్కి చూడకుండానే విసిరేశాడు. అక్కడ కాచుకుని ఉన్న మూడు కుక్కల్లో ఒకటి దాన్ని కింద పడకముందే నోటితో అందుకుంది.

"అదేందన్నా?" అని అడిగాను.

"నీళ్ల బుగ్గ టీచరమ్మా. ఏం కాదు, కోసి పడేస్తిని. మీకు మంచి కార్జమే ఇస్తా" అన్నాడు.

అతను ఎవరినీ మోసం చేయలేదు. కొనేవాళ్లకు శుభ్రమైన కార్జమే తూచి ఇచ్చాడు. ఆ బుగ్గ కుక్క కడుపులోకి పోయాక ఏం జరుగుతుందో అతనికి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, అంతే. నేను ఇరవై ఏళ్లుగా బడిలో పిల్లలకు బద్దెపురుగు బొమ్మ బోర్డు మీద గీసి చూపిస్తున్నాను. నాలుగేళ్ల కిందట మా ఆడపడుచుకు ఆపరేషన్ జరిగేదాకా నాకు కూడా ఆ పాఠానికీ ఈ మటన్ కొట్టుకూ సంబంధం తట్టలేదు.

ఆమెకు కుడి పక్క డొక్కలో నొప్పి. ఏడాది పాటు గ్యాస్ అనుకుని బిళ్లలు మింగింది. చివరికి స్కానింగ్ తీస్తే లివర్‌లో పెద్ద గడ్డ ఉందన్నారు. ఇంట్లో అందరం క్యాన్సరే అనుకున్నాం. ఆ వారం రోజుల టెన్షన్ నేను చెప్పలేను. పెద్ద డాక్టరు ఫిల్మ్ చూసి వేసిన మొదటి ప్రశ్న, "చిన్నప్పుడు మీ ఇంట్లో గొర్రెలు ఉండేవా? కుక్కలు ఉండేవా?" అని. రెండూ ఉండేవి. మా అత్తగారింట్లో నలభై గొర్రెల మంద, దానికి కాపలాగా రెండు కుక్కలు. అది హైడాటిడ్ తిత్తి అని, అంటే ఒక రకం బద్దెపురుగు వల్ల కట్టే నీటి బుగ్గ అని, క్యాన్సర్ కాదని ఆయన చెప్పారు.

ఆపరేషన్ అయ్యాక నన్నూ మా ఆయన్నూ పిలిచి ట్రేలో చూపించారు. లేత కొబ్బరి లాంటి తెల్లటి పొర, దాని లోపల ద్రాక్షపండ్లలా బోలెడన్ని చిన్న తిత్తులు. తిత్తిలోని నీరు పొట్టలో చిందితే ఒళ్లంతా రియాక్షన్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చట, చిందిన చోటల్లా కొత్త తిత్తులు కూడా మొలవవచ్చట. అందుకే చుట్టూ ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచి పని చేశామన్నారు. ఆ తర్వాత నెలల తరబడి ఆల్బెండజోల్ బిళ్లలు. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఏటా స్కానింగుకు వెళ్లే రోజు ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది.

ఈ జబ్బు ఎలా తిరుగుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని గురించి అపోహలే ఎక్కువ. గొర్రె కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఉన్న తిత్తిని కుక్క తింటుంది. దాని పేగుల్లో వేల కొద్దీ బద్దెపురుగులు తయారవుతాయి. ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్ల పొడవే ఉంటుంది. ఆరేడు వారాలు తిరిగేసరికి కుక్క పెంటలో వాటి గుడ్లు పడటం మొదలవుతుంది. ఆ గుడ్లు గడ్డికి అంటి గొర్రె కడుపులోకి పోతాయి. ఆకుకూరలకో, నీళ్లకో, కుక్కను నిమిరిన చేతికో అంటి మన కడుపులోకీ పోతాయి. మన ఒంట్లో ఎక్కువగా లివర్‌లో, తర్వాత ఊపిరితిత్తుల్లో తిత్తిగా మారి ఏళ్ల తరబడి నిమ్మళంగా పెరుగుతాయి. అందుకే మా ఆడపడుచుకు ఆ గుడ్డు ఎప్పుడు, ఎక్కడ అంటిందో ఏ డాక్టరూ చెప్పలేరు.

అంటే వండిన మటన్ తింటే, ఉడికిన కార్జం తింటే ఈ జబ్బు రాదు. మా బంధువుల్లో కొందరు ఆ ఆపరేషన్ తర్వాత మటన్ మానేశారు కానీ పచ్చి కొత్తిమీర కడగకుండా చట్నీలో వేసుకుంటూనే ఉన్నారు. శాకాహారులకు కూడా ఇది వస్తుంది. ప్రమాదం మనం సంచిలో ఇంటికి తెచ్చుకునే మాంసంలో లేదు, కొట్టు వెనక పారేసే ముక్కలో ఉంది.

పంది మాంసం సంగతి వేరు. అది సరిగా ఉడకకపోతే తిన్నవాళ్ల పేగుల్లోనే బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు నీళ్లలోనో కూరల్లోనో కలిసి ఇంకొకరి కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ రావచ్చు. ఆహారం ద్వారా సోకే పరాన్నజీవుల్లో ఏవి ఎక్కువ ప్రమాదమో 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కలిసి జాబితా వేశాయి. మొదటి స్థానం పంది బద్దెపురుగుది. రెండోది నేను చెబుతున్న ఈ కుక్క బద్దెపురుగుది. అంత పెద్ద స్థానంలో ఉన్నదాని పేరు మా మండలంలో నేను అడిగిన మటన్ కొట్లవాళ్లలో ఒక్కరూ వినలేదు.

ఇది మన రెండు రాష్ట్రాలకూ సొంత సమస్య. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. రెండూ కలిపితే మూడున్నర కోట్ల పైమాటే. మంద ఉన్న చోట కుక్క ఉంటుంది. జాతర రోజున, పెళ్లి రోజున, దసరాకు ఊళ్లో పొట్టేలు కోస్తే పనికిరాని భాగాలు ఎవరికి వేస్తామో అందరికీ తెలుసు.

2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం మున్సిపల్ పరిధిలో లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలి. పశువైద్యులు ఒక్కో జీవాన్నీ పరీక్షించాలి, గంటకు 12కు మించి, రోజుకు 96కు మించి చూడకూడదు. నిబంధన బాగుంది. కానీ మా పట్టణంలో ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి వేపచెట్టు కింద కోసే గొర్రెను ఏ డాక్టరూ చూడరు. ప్రతి ఊరికీ కబేళా కట్టాలని నేనూ కోరుకుంటాను, అయితే అది కట్టేదాకా ఆ తెల్ల బుగ్గలు కుక్కల నోట్లో పడుతూనే ఉండాలా?

ఐస్‌లాండ్‌లో ఒకప్పుడు ఈ జబ్బు ఊరూరా ఉండేది. 1863లో డెన్మార్క్ నుంచి క్రాబె అనే శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి కుక్కలను పరీక్షించారు. ఆ తర్వాత కార్జాలను, ఊపిరితిత్తులను కుక్కలకు వేయవద్దని వివరిస్తూ చిన్న పుస్తకం అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. ఇప్పుడు అక్కడ ఆ జబ్బు లేదు. మనలాగే గొర్రెల మీద బతికే న్యూజిలాండ్ 1959లో దీనికోసమే చట్టం తెచ్చింది. పచ్చి కార్జం, పేగులు కుక్కకు వేయడం నేరమైంది. వక్కలో ఉండే అరికోలిన్ అనే మందు పట్టించి, విరేచనాలు చేయించి కుక్కల్లో పురుగు ఉందో లేదో చూసేవారట. 2002కల్లా ఆ దేశం జబ్బు నుంచి బయటపడినట్టు తాత్కాలికంగా ప్రకటించుకుంది. మనకు ఇప్పుడు అంత తంటా కూడా లేదు, కుక్క పేగుల్లోని బద్దెపురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ బిళ్ల ఉంది.

పశుసంవర్ధక శాఖవారు ఊరూరా తిరిగి గొర్రెలకు నట్టల మందు ఉచితంగా తాపుతారు. ఎంతో మంచి పని. అయితే ఆ మందు గొర్రె పేగుల్లోని నట్టలకు, కార్జంలో ఉన్న తిత్తి దానికి కరగదు. మంద పక్కనే నాలుక చాపుకుని కూర్చున్న కాపలా కుక్కకు ఆ రోజే ఒక ప్రాజిక్వాంటెల్ బిళ్ల రొట్టెముక్కలో పెట్టి ఎందుకు వేయకూడదు? అదే సిబ్బంది, అదే బండి, అదే రోజు. వీధికుక్కలకు ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేసేటప్పుడూ వేయవచ్చు. నిజమే, బిళ్ల ఆ రోజు ఉన్న పురుగులనే చంపుతుంది. మరుసటి ఆదివారం ఇంకో బుగ్గ దొరికితే కుక్కకు మళ్లీ మొదలు. కాబట్టి ముందు ఆ ముక్కను ఆపాలి.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఖాళీగా ఉన్న ఇరవై లీటర్ల పెయింట్ బకెట్ ఒకటి మూతతో సహా తీసుకెళ్లి మా కొట్టతనికి ఇచ్చాను. ట్రేలో చూసిన సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మా చిన్నోడు రోజూ ఆ కుక్కల్తోనే ఆడుకుంటాడు టీచరమ్మా" అన్నాడు. అప్పటి నుంచి నాలుగు ఆదివారాలుగా బుగ్గలున్న కార్జం, ఊపిరితిత్తులు అన్నీ ఆ బకెట్‌లోనే వేస్తున్నాడు. నడుము లోతు గుంట తీసి సున్నం చల్లి పూడుస్తున్నాడు. లోతు తక్కువైతే కుక్కలు తవ్వేస్తాయి. గుంట తీయడానికి చోటు లేనివాళ్లు అరగంట పైగా బాగా మరిగించి పారేసినా పురుగు చస్తుంది.

అయితే అతనికి కొట్టు వెనక ఉన్నది మూడు గజాల స్థలం. ఇంకో రెండు నెలల్లో అక్కడ గుంట తీయడానికి చోటు ఉండదు. మున్సిపాలిటీ చెత్త బండి ఆదివారం మా వీధికి రాదు, వచ్చిన రోజు మాంసం వ్యర్థాలు ఎక్కించుకోదు. మటన్ కొట్లన్నింటికీ మూత ఉన్న డ్రమ్ము తప్పనిసరి చేసి, ఆదివారం పది గంటలకల్లా ఒక బండిని కేవలం ఆ డ్రమ్ముల కోసం తిప్పమని కమిషనర్ గారికి అర్జీ ఇచ్చాను. మీ పత్రిక ద్వారా మిగతా పట్టణాల వాళ్లు కూడా ఇదే అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
కర్నూలు జిల్లా