లేజర్ డయోడ్ల టెస్ట్ బెంచ్ చేస్తున్నవాళ్లకు

అందరికీ నమస్కారం. డయోడ్లను చల్లబరిచే టెస్ట్ బెంచ్ ఇంట్లోనే తయారు చేసుకుంటున్నవాళ్లు ముందు వేడి లెక్క చూసుకోండి. పెల్టియర్ పలక వేడిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తోస్తుంది, అంతే. డయోడ్ వదిలే వేడికి పెల్టియర్ వాడుకునే విద్యుత్తు కూడా తోడై, మొత్తం హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ) మీదే పడుతుంది. అందుకే ఫ్యాన్ ఉన్న పెద్ద హీట్‌సింకే పెట్టండి, ఇక్కడ పొదుపు వద్దు.

డయోడ్‌ను రాగి దిమ్మకు బిగించి, ఆ దిమ్మలోనే డయోడ్‌కు వీలైనంత దగ్గరలో రంధ్రం చేసి 10 కిలో ఓమ్ థర్మిస్టర్ (ఉష్ణోగ్రతను పసిగట్టే చిన్న భాగం) దూర్చండి. దూరంగా పెడితే పెల్టియర్‌ను నడిపే కంట్రోలర్‌కు మార్పు ఆలస్యంగా తెలిసి ఉష్ణోగ్రత ఊగుతూనే ఉంటుంది. 808 నానోమీటర్ల డయోడ్‌లో ఒక్క డిగ్రీకి తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది, అలా ఊగితే కొలతలను నమ్మలేం. మరీ చల్లబరిస్తే తేమ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర చాలా పరీక్షలు అయిపోతాయి.

డ్రైవర్ (డయోడ్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్) ఆన్‌లో ఉండగా డయోడ్ తగిలించొద్దు. అవుట్‌పుట్ కెపాసిటర్‌లో నిలిచిన చార్జ్ క్షణంలో దాన్ని చంపేస్తుంది.

దయచేసి ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే రక్షణ కళ్లద్దాలు లేకుండా ఎవరూ ఆన్ చేయకండి. 808 నానోమీటర్ల కాంతి కంటికి దాదాపు కనబడదు, కానీ రెటీనాను కాల్చేస్తుంది.