వాగు రంగు మారితే దిగకండి

సంపాదకులకు,

వానలు మొదలైతే చాలు, ములుగు అడవుల్లోని జలపాతాలకు జనం బయల్దేరుతారు. అందరి జాగ్రత్తా జలపాతం దగ్గర బండల మీద జారిపడకుండానే. తిరుగుదారిలో దాటాల్సిన వాగును ఎవరూ తలుచుకోరు. నేనూ తలుచుకోలేదు.

నిరుడు ఆగస్టులో మా అన్నయ్య పిల్లలిద్దరినీ తీసుకుని ఒక జలపాతానికి నడిచి వెళ్లాను. పొద్దున వాగులో నీళ్లు పాదాలే తడిపాయి, అడుగున గులకరాళ్లు కనిపించాయి. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మోకాళ్ల దాకా ఉన్నాయి. మేమున్న చోట చినుకైనా పడలేదు. "చేతులు పట్టుకుని దాటేద్దాం అత్తా" అన్నారు పిల్లలు. నేను చెప్పులు విప్పాను కూడా.

అప్పుడే ఆవులు కాస్తున్న ఒక కోయ పెద్దాయన "దిగకమ్మా, నీళ్ల రంగు చూడు" అని కేకేశారు. పొద్దుటి తేట నీరు ఎర్రమట్టి రంగుకు తిరిగింది. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. పైన గుట్టల మీద వాన దంచుతోందని ఆయన చెప్పారు. పావుగంటలో మేం నిలబడ్డ బండ మునిగిపోయింది. మిట్ట మీదికెక్కి మూడు గంటలు కూర్చున్నాం. సిగ్నల్ లేదు, ఇంట్లోవాళ్లు పడ్డ టెన్షన్ చెప్పలేను. వాగు తీశాక ఆయనే ముందు నడిచి, కర్రతో లోతు చూస్తూ మమ్మల్ని దాటించారు.

2023 జులైలో ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి వెళ్లినవాళ్లూ ఇలాగే వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) బృందాలు దాదాపు 80 మందిని బయటకు తెచ్చాయి. ఆ రోజుల్లోనే ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మన ఆకాశం తెల్లగా ఉందని వాగును నమ్మడానికి లేదు.

మేం వెళ్లిన చోట బండి ఆపడానికి డబ్బు తీసుకున్నారు, వాగు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ డబ్బుతోనే ఊరి కుర్రాళ్లను ఇద్దరిని వాగు దగ్గర కాపలా పెట్టవచ్చు. బండ మీద ఎర్ర గీత గీసి, నీళ్లు అది దాటితే ఎవరినీ దిగనివ్వకూడదు. వెళ్లేవాళ్లు కూడా పొద్దున దాటేటప్పుడు వాగును ఫోటో తీసుకుని, వచ్చేటప్పుడు దానితో పోల్చి చూసుకోవాలి. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి కదలాలి.

ఆ పూట ఆ పెద్దాయన ఆవులను అటు తోలకపోతే మమ్మల్ని ఆపేవాళ్లే లేరు. వచ్చే వానాకాలానికైనా అక్కడ ఒక మనిషిని పెట్టించమని అధికారులను వేడుకుంటున్నాను.

ఒక ఉపాధ్యాయురాలు,
హనుమకొండ