టెక్సాస్ గవర్నర్‌కు బహిరంగ లేఖ: 2018లో మీరు చెప్పిన సవరణ ఏమైంది?

గవర్నర్ గ్రెగ్ ఆబట్ గారికి,

నమస్కారం. ఇదే విషయం మీ ఆఫీసుకు ఇంగ్లీషులో వేరే పంపాను. తెలుగులో మళ్లీ రాయడం మావాళ్ల కోసం. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పిల్లల చేతికి గన్ అందకుండా చూసే చట్టం గురించి మీరు ఒకప్పుడు ఒప్పుకున్న మాట ఒకటుందని వాళ్లలో చాలామందికి తెలియదు.

టెక్సాస్ పీనల్ కోడ్‌లో 46.13 అని ఒక సెక్షన్ ఉంది. పిల్లల చేతికి అందేలా గన్ అజాగ్రత్తగా వదిలేస్తే నేరం అంటుంది. వినడానికి బాగానే ఉంది కానీ, చదివితే కంతలు కనిపిస్తాయి. గన్ లోడ్ చేసి ఉంటేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది. తూటాలు తీసేసి అదే సొరుగులో పక్కన పెడితే వర్తించదు. పైగా పిల్లలంటే 17 నిండనివాళ్లే. హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లలు దాదాపు అందరూ దీని లెక్కలోకి రారు. శిక్ష సంగతి చూస్తే, మామూలుగా 500 డాలర్ల లోపు జరిమానా. పిల్లవాడు పేల్చి ఎవరి ప్రాణమైనా పోతే గరిష్ఠంగా ఏడాది జైలు, 4,000 డాలర్ల జరిమానా.

2018 మే 18న మన టెక్సాస్‌లోనే, శాంటా ఫే హైస్కూల్లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పాకిస్తాన్ నుంచి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లో చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి కూడా అందులో ఉంది. కాల్చినవాడి వయసు 17. తుపాకులు వాళ్ల నాన్నవని ఆ రోజు మీరే విలేకరులకు చెప్పారు. ఆ తల్లిదండ్రుల నిర్లక్ష్యం లేదని 2024లో గాల్వెస్టన్ జ్యూరీ తేల్చింది, అది సివిల్ కేసు. వాళ్లను మళ్లీ బోనెక్కించాలని నేను అడగడం లేదు. కుర్రాడికి 17 నిండాయి కాబట్టి, ఇంట్లో గన్ ఎలా దాచారన్న ప్రశ్న వేసే దారే 46.13లో లేకపోయింది. నా బాధ అదీ.

ఆ సంగతి మీకూ తట్టింది. ఆ నెలాఖరుకే మీరు విడుదల చేసిన ప్రణాళికలో, 17 ఏళ్ల వాళ్లను కూడా ఈ సెక్షన్‌లో చేర్చాలని, ప్రాణం పోయినా తీవ్ర గాయమైనా శిక్షను ఫెలొనీ (తీవ్ర నేరం) స్థాయికి పెంచాలని రాశారు. 2019లో శాసనసభ కూర్చుంది, లేచింది. గన్‌లు భద్రంగా దాచుకోమనే ప్రచారానికి డబ్బులిచ్చారు. సెక్షన్ మాత్రం అలాగే ఉండిపోయింది. 2025లో రెడ్ ఫ్లాగ్ ఆర్డర్లను, అంటే ప్రమాదకరంగా ఉన్న మనిషి దగ్గర్నుంచి కొన్నాళ్లు గన్ తీసేయించే కోర్టు ఉత్తర్వులను, నిషేధిస్తూ సంతకం పెట్టారు. దాని మీద వాదన ఇంకో రోజు పెట్టుకుందాం.

అమెరికాలో 2020 నుంచి ఏడాది దాటిన పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకీ, కారు ప్రమాదాలు కాదు. స్కూల్లో జరిగే కాల్పులు టీవీలో కనిపిస్తాయి, కానీ మొత్తంలో వాటి వాటా చిన్నది. ఎక్కువ భాగం హత్యలు, ఆ తర్వాత ఆత్మహత్యలు. ఆత్మహత్యల్లో వాడిన గన్ ఎక్కువగా ఆ ఇంట్లోదే. మార్కుల టెన్షన్ పిల్లల్ని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఇంటర్ ఫలితాల రోజులు చూసిన మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఆవేశం చాలాసార్లు నిమిషాల్లో, గంటల్లో దిగిపోతుంది. కానీ తుపాకీతో ప్రయత్నించిన పదిమందిలో తొమ్మిది మంది దాకా బతకరు. ఆ కాసేపు బీరువాకి తాళం ఉండటమే ముఖ్యం.

బంగారం దొంగతనాల భయంతో మావాళ్లూ కొందరు గన్ కొన్నారు. మంచం పక్కన సొరుగులో, న్యాప్‌కిన్ల కింద పెట్టుకున్న ఇల్లు నేను చూశాను. అదే ఇంట్లో కాంపౌండ్ గేటుకి రెండు తాళాలు! మా చిన్నవాణ్ణి ప్లేడేట్‌కి పంపేముందు మా ఆయన మెసేజ్ పెడతారు: “వాడికి పల్లీలు పడవండీ. ఇంట్లో గన్ ఉంటే లాక్ చేసి ఉందా?” మొదట్లో నాకే మొహమాటంగా ఉండేది. ఇంతవరకూ ఎవరూ కోప్పడలేదు. ఒక తెల్లాయన అయితే క్లోజెట్ తలుపు తీసి, వేలిముద్రతో తెరుచుకునే సేఫ్ చూపించాడు. క్షణాల్లో తెరుచుకుంది. తాళం వేస్తే దొంగ వచ్చినప్పుడు అందదు అనేవాళ్లకు అంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఎవరి గన్‌నీ లాక్కోమని అడగడం లేదు. మిషిగన్‌లో 2021లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ కాల్పుల తర్వాత, పిల్లలుండే ఇంట్లో గన్‌కి తాళం తప్పనిసరి చేసే చట్టం 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అక్కడా వేటగాళ్లు తక్కువేం కాదు. మన సెక్షన్‌లో వేటకు, ఆత్మరక్షణకు మినహాయింపులు ముందునుంచీ ఉన్నాయి, అలాగే ఉంచండి. పిల్లవాడు పోయిన ఇంట్లో వారం దాటేదాకా ఎవరినీ అరెస్టు చేయకూడదన్న నియమం కూడా ఉంది, అది మంచిదే. వయసును 18 లోపుకి మార్చండి. “లోడ్ చేసిన” అన్న షరతు తీసేయండి. శిక్ష మీరు 2018లో రాసినట్టే పెట్టండి.

2027 జనవరిలో శాసనసభ మళ్లీ మొదలవుతుంది. దీన్ని ఎమర్జెన్సీ అంశంగా ప్రకటిస్తే మొదటి అరవై రోజుల్లోనే ఓటింగ్‌కి తేవచ్చు. ఆ అధికారం గవర్నర్‌కే ఉంది.

ఇట్లు,
ఫ్రిస్కోలో ఇద్దరు పిల్లల తల్లి