శిక్ష చాలదని అడిగేదెవరు?

సంపాదకుల వారికి,

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. వాకిట్లో ముగ్గు వేస్తున్న మా పెద్దమ్మ మెడ మీద కత్తి పెట్టి, ఇద్దరు కుర్రాళ్లు పుస్తెలతాడు తెంపుకుపోయారు. మేం పరుగెత్తుకొచ్చేసరికి ముగ్గు గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. మెడ మీది ఎర్రటి గీత మానింది గానీ, బైక్ చప్పుడు వింటే ఇప్పటికీ గేటు పట్టుకుని నిలబడిపోతుంది.

దోపిడీకి, నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 309వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా జైలు వేయొచ్చు. కోర్టు మాత్రం ఆ కుర్రాళ్ల వయసు చూసి, అప్పటికి జైల్లో గడిపిన కొద్ది నెలలే చాలంది. పరిహారం చాలకపోతే మేం అప్పీలు చేసుకోవచ్చట, శిక్ష చాలదని మాత్రం చేయలేం. ఆ అప్పీలు, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 418వ సెక్షన్ కింద ప్రభుత్వమే ప్రాసిక్యూటర్‌తో వేయించాలి.

ఆ ఇద్దరిలో ఒక కుర్రాడిది మా తమ్ముడి వయసే. ఏళ్ల తరబడి జైల్లో మగ్గాలని నేను కోరుకోవడం లేదు. అప్పీలు వేసినా అతని మాట వినకుండా శిక్ష పెంచరు. తగ్గించమనో, అసలు కేసే కొట్టేయమనో అడిగే వీలు అతనికీ ఉంటుంది. కత్తి చూపించిన కేసుల్లోనైనా అప్పీలు వేస్తారో లేదో, వేయకపోతే ఎందుకో ప్రభుత్వం బాధితులకు చెప్పాలి. మా పెద్దమ్మకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు