ఒక్క అంచనాతో 2047 దాకా నడుస్తుందా?

సంపాదకుల వారికి,

మన కోనసీమ జిల్లా 2047 నాటికి ఎలా ఉండాలో చెప్పే ప్రణాళిక మీద అధికారులు సమీక్ష జరిపారని కిందటి వారం మీ జిల్లా పేజీలో చదివాను. రోడ్ల విస్తరణ, ఛార్జింగ్ స్టేషన్లు, ఇంటింటా సోలార్ అన్నారు. వాటిలో దేన్నీ కాదనను. కానీ వరదలు రావు, సముద్రం ముందుకు రాదు, కరెంటు పోదు అన్న ఒకే ఒక్క లెక్క మీద అదంతా నిలబడి ఉంది. అలా జరగకపోతే ఏం చేస్తారో ఒక్క ముక్క లేదు.

ఒక్క అంచనాను నమ్ముకుని ఇప్పటికే దెబ్బతిన్నాం. కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్‌లో గ్యాసుకు కొదవుండదని రాజమండ్రి చుట్టుపక్కల పవర్ ప్లాంట్లు కట్టారు. 2009లో ఆ బేసిన్‌లో సముద్రం కిందున్న డీ6 క్షేత్రం నుంచి గ్యాసు వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి తగ్గిపోసాగింది. వేల కోట్ల ప్లాంట్లు గ్యాసు లేక ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. ప్రమాదాలు మాత్రం కోనసీమ వాళ్లకే మిగిలాయి. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి తెల్లవారుజామున జనం సజీవంగా కాలిపోయారు.

నేను జోస్యం చెప్పమనడం లేదు. ఇలా జరిగితే ఏం చేయాలి, అలా జరిగితే ఏం చేయాలి అని మూడు నాలుగు రకాలుగా ముందే ఆలోచించి పెట్టుకోమంటున్నాను. 2022 జులై వరదే తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, లంకల వాళ్లకు పడవలే దిక్కయ్యాయి. రేపు ఆటోలూ అంబులెన్సులూ బ్యాటరీవే అయ్యాక అలాంటి వరద వచ్చి కరెంటు తీసేస్తే పురిటి నొప్పులు పడే మనిషిని ఎలా తీసుకెళ్తారు? ఇంటి మీద సోలార్ ఉందిగా అంటారు. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపిన (ఆన్‌గ్రిడ్) సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఇంటి సోలార్‌కు ఇచ్చే 78 వేల సబ్సిడీ గురించి ఊరూరా చెప్పేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరు? కరెంటు పోతే ఏమవుతుందో రొయ్యల రైతుకు బాగా తెలుసు. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చి తేలిపోతుంది, అందుకే చెరువు గట్టున డీజిల్ జనరేటర్ పెట్టుకుంటాడు. ఆ డీజిల్ ధర రెట్టింపైతే అతని సంగతేమిటో ప్రణాళిక చెప్పాలి.

డీజిల్ అంటే గుర్తొచ్చింది. అంబాజీపేట కొబ్బరి అంతా లారీల మీదే పోతోంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలువలను సాగుకూ పడవలకూ కలిపి ఆలోచించాడు. పడవలు దాటేలా కాలువలకు లాకులు కట్టింది అందుకే. 2008లో కాకినాడ, ఏలూరు కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఇప్పుడు వాటిలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ తప్ప ఏముంది? గట్ల మీద కాలువలు చూసుకునే లస్కర్లే కనబడడం లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, వంతెనలు పడవ దూరనంత కిందికి కట్టారు, కాబట్టి ఇది తేలిక పని కాదు. అయినా లెక్కలోకే తీసుకోకపోవడం అన్యాయం. కొచ్చిలో 2023 నుంచి బ్యాటరీ పడవలు జనాన్ని దాటిస్తున్నాయి. ఇన్ని గోదావరి పాయలున్న మనకు అలాంటివి ఎందుకు ఉండకూడదు?

కోటిపల్లి నరసాపురం రైలు 2000-01లో మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పోయి ఇరవై ఏళ్లు దాటింది, వంతెన స్తంభాలు లేచాయి, రైలు మాత్రం రాలేదు. పక్కనే కాకినాడ జిల్లాలో ఉప్పాడ బీచ్ రోడ్డు తుపానుకల్లా కోసుకుపోతుంటే మళ్లీ అక్కడే రాళ్లు పోసి వేస్తున్నారు. సముద్రం ఇంకా లోపలికొస్తే రోడ్డు ఎటు జరపాలో ఆలోచించిన అధికారి ఒక్కరైనా ఉన్నారా? కలెక్టర్లు మారతారు, కన్సల్టెంట్లు ఇంగ్లిష్‌లో స్లైడ్లు చూపించి వెళ్లిపోతారు, ఊళ్లో మనిషిని అడిగేవాడు లేడు. చూసి చూసి విసుగొస్తోంది.

ఈ ప్రణాళికను తెలుగులో అచ్చేసి ప్రతి మండల ఆఫీసులో పెట్టాలి. లంక గ్రామాల వాళ్లను, ఏరు దాటించే పంటు నడిపేవాళ్లను, ఆక్వా రైతులను, లైన్‌మన్లను పిలిచి వరద వస్తే, గ్యాసు అయిపోతే, డీజిల్ ధర పెరిగితే ఏం చేయాలో వాళ్ల ఎదుటే చర్చించాలి. అప్పటిదాకా దీన్ని ఖరారు చేయవద్దని కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అంబాజీపేట