వార్షిక నివేదిక 2025-26: ఈసారి ఇంటిల్లిపాదీ నడిచాం

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీకమాసం వనభోజనాలు, పిల్లలకి ఆదివారం తెలుగు క్లాసులు ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫోటోలు గ్రూపులో అందరూ చూసే ఉంటారు, జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. నేను మాత్రం అక్టోబర్లో గోపాల్‌పూర్ బీచ్ రోడ్డు మీద చేసిన రొమ్ము క్యాన్సర్ అవగాహన నడక గురించే ఎక్కువ రాస్తాను, ఈ ఏడాది మన బరంపురం తెలుగువాళ్ళం కలిసి చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది అదే అని నా నమ్మకం.

మొదట మహిళా విభాగం వాళ్ళు మేమొక్కళ్ళమే నడుస్తాం అన్నారు. ఆడవాళ్ళే నడిచి ఆడవాళ్ళే విని వస్తే ఈ మాట వంటింటి గడప దాటదు, రేపు ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది, డబ్బు తియ్యాల్సింది ఇంట్లో మగాళ్ళే కదా అని కమిటీలో చాలాసేపు వాదులాడుకుని చివరికి కుటుంబాల పేరు మీదే రిజిస్ట్రేషన్ పెట్టాం. కొందరు మావయ్యలు రొమ్ము క్యాన్సర్ అని రాసిన బ్యానర్ పట్టుకోడానికి మొహమాటపడ్డారు, కానీ లైట్‌హౌస్ దగ్గరకి వచ్చేసరికి బ్యానర్ కర్రలు రెండూ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా రాయించాం. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నోలియాలు, అంటే చేపలు పట్టేవాళ్ళు, మన తెలుగువాళ్ళే, వాళ్ళలో ఒకాయన బ్యానర్ చదివి "ఇది మగోళ్ళకీ వస్తాదా అమ్మా" అని అడిగాడు. మనతో వచ్చిన డాక్టరమ్మ గారు అక్కడే ఇసుకలో ఆగి, వస్తుంది, నూటికి ఒకటి లోపే అయినా వస్తుంది, ఛాతీలో గడ్డ తగిలితే నువ్వు కూడా చూపించుకోవాలి అని చెప్పారు.

ఆవిడ చెప్పినవి రానివాళ్ళ కోసం రాస్తున్నా. మన దేశంలో ఆడవాళ్ళకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే, 2022లో దాదాపు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని అంచనా. గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు, నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే కొంప ముంచేది. చర్మం లోపలికి లాగినట్టు ఉన్నా, చనుమొన లోపలికి తిరిగినా, రక్తం లాంటిది కారినా, చంకలో గడ్డ తగిలినా ఆలస్యం చెయ్యకూడదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు కావు కూడా, కానీ ఏదో తేల్చాల్సింది డాక్టరే. ముప్పై దాటిన ఆడవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేత్తో చేసే పరీక్ష ఉంటుంది, నలభై దాటాక మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) గురించి డాక్టర్ని అడగండి.

నడక సగం అయ్యాక ఒక పిన్ని కోడల్ని పక్కకి పిలిచి వానాకాలం నుంచి చంకలో గడ్డ ఉందని చెప్పింది. ఇంట్లో ఎవరికీ తెలీదు. కొడుకు నాలుగడుగుల ముందు మనవణ్ణి భుజాన ఎత్తుకుని నడుస్తున్నాడు, కోడలు అప్పుడే అతన్ని పిలిచింది, ముగ్గురూ రోడ్డు పక్క గోడ మీద కూర్చుని మాట్లాడుకున్నారు, సోమవారం ఆస్పత్రికి వెళ్ళారు. క్యాన్సరే. ఆపరేషన్ అయింది, విశాఖలో అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రిలో మిగతా వైద్యం నడుస్తోంది, ఆవిడ ఇప్పుడు బాగానే తింటున్నారు, తిరుగుతున్నారు. ఇది నివేదికలో రాయమన్నది ఆవిడే, పేరు వద్దన్నారు.

నడక విరాళాలు ఎక్కడ వాడాలో మాకు దీనివల్లే తెలిసింది. 2025 ఏప్రిల్లో మన ఒడిశాలో మొదలైన ఆయుష్మాన్ భారత్ గోపబంధు కార్డు మీద కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు వైద్యానికి ఉన్నాయి. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి అక్కడే ఉండాలి, ఆ గది అద్దె, తోడున్నవాళ్ళ తిండి, ఆ ఆస్పత్రికి దగ్గరి స్టేషన్ దువ్వాడ దాకా రైలు టికెట్లు ఏ కార్డూ ఇవ్వదు. విరాళాలు మొత్తం వాటికే పెట్టాలని తీర్మానించాం, ఇంకెవరికైనా అవసరమైతే కార్యదర్శికి ఒక్క ఫోన్ చెయ్యండి చాలు, కారణం కమిటీలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంకో పని మిగిలింది. మన పెద్దవాళ్ళలో చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు, కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్ళినా ఫారాల దగ్గరే ఆగిపోతారు. ఒడియా చదవడం రాయడం వచ్చిన కుర్రాళ్ళు, అమ్మాయిలు తోడు వెళ్ళడానికి పేర్లు ఇవ్వండి, అమ్మాయిలు ఎక్కువమంది కావాలి, పరీక్ష గదిలోకి వెళ్ళేది వాళ్ళే కాబట్టి. గోపబంధు కార్డు లేనివాళ్ళు ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని వచ్చే ఆదివారం తెలుగు క్లాసు అయ్యాక సంఘం ఆఫీసుకి రండి.