ఖాళీ గడి అంటే సున్నా కాదు: పర్యావరణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రిగారికి నమస్కారం.

నీటినీ మట్టినీ పరీక్షించే ఒక ప్రయోగశాలలో ఫలితాల ఫైళ్లు సిద్ధం చేసి నియంత్రణ సంస్థకు పంపడం నా పని. బావి దగ్గర నమూనా పట్టేవారు వేరు, దాన్ని యంత్రంతో కొలిచేవారు వేరు. వాళ్ల శ్రమంతా చివరికి నా కంప్యూటర్‌లో ఒక పట్టికగా మారుతుంది. దాన్ని అప్‌లోడ్ చేస్తే పోర్టల్ 'ఫైలు స్వీకరించాం' అంటుంది. పై అధికారులు, గుత్తేదారులు, మేము, అందరం ఆ మాట చూసి ఊపిరి పీల్చుకుంటాం. కానీ పోర్టల్ చూసింది గడులు నిండాయా లేదా అన్నది మాత్రమే. గడిలో ఉన్న అంకెకు అర్థం ఏమిటో అది అడగలేదు. మీకు ఈ లేఖ రాయడానికి కారణం ఇదే.

ముందు సున్నా సంగతి చెప్పాలి. ప్రతి పరీక్షా పద్ధతికీ ఒక హద్దు ఉంటుంది. అంతకంటే తక్కువ పరిమాణాన్ని అది పట్టుకోలేదు. దాన్ని గుర్తింపు పరిమితి అంటాం. తాగునీటిలో ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఒక ప్రయోగశాల వాడే పద్ధతి 20కి దిగువన చూడలేదనుకుందాం. అక్కడ 'కనబడలేదు' అని వస్తే నీరు మంచిదని చెప్పడానికి వీల్లేదు. 1 వరకూ చూడగల మరో ప్రయోగశాల అదే మాట అంటే మాత్రం ధైర్యంగా ఉండవచ్చు. ఇప్పుడు ఈ 'కనబడలేదు' ఫైలులోకి ఎలా వస్తోందో చూడండి. ఒకరు గడి ఖాళీగా వదిలేస్తారు. ఒకరు సున్నా వేస్తారు. ఒకరు పరిమితిలో సగం వేస్తారు. ఇంకొకరు 20 ముందు 'కంటే తక్కువ' గుర్తు పెడతారు. ఆ గడిలో అంకె తప్ప మరేదీ ఉండకూడదన్న నియమం ఉంటే, నలుగురిలోనూ నిజం రాసిన ఆ చివరి మనిషి ఫైలే తిరిగి వస్తుంది. గడువు ముగిసే సాయంత్రం ఆ గుర్తు చెరిపేసి పంపితే ఫైలు గడప దాటుతుంది. దానితో, కనబడని ఆర్సెనిక్ 20 మైక్రోగ్రాములు ఉన్నట్టు నమోదవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒకసారి అలా పంపాను. మర్నాడే సవరణ కోరుతూ ఉత్తరం రాశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నైట్రేట్ విషయంలో నా భయం ఇంకా ఎక్కువ. నైట్రేట్‌ను రెండు రకాలుగా లెక్కగడతారు. మొత్తం నైట్రేట్ బరువు చెప్పడం ఒక పద్ధతి, అందులోని నత్రజని బరువు మాత్రమే చెప్పడం రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన మొదటి లెక్కలో లీటరుకు 50 మిల్లీగ్రాములు, రెండో లెక్కలో సుమారు 11. రెండూ ఒకే నీటి గురించిన మాటలే. ఇప్పుడు ఒక ఫైలులో 'నైట్రేట్, 40, లీటరుకు మిల్లీగ్రాములు' అని ఉంది. మొదటి లెక్కయితే ఆ నీరు హద్దు లోపలే ఉంది. రెండో లెక్కయితే హద్దుకు మూడున్నర రెట్లు. సీసా పాలు తాగే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుందన్న ఆందోళనతోనే ఈ హద్దు పెట్టారు. అయినా ఆ వరుసలో ఏ తనిఖీకీ తప్పు దొరకదు. పేరు ఉంది, అంకె ఉంది, యూనిట్ ఉంది. ఏ లెక్కో చెప్పే గడి ఒక్కటే లేదు.

లోహాలదీ అదే కథ. వడకట్టిన నీటిలో కొలిచారా, వడకట్టకుండా కొలిచారా అన్నది తెలియకపోతే రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టడానికే వీల్లేదు. 'క్రోమియం' అని మాత్రమే రాస్తే అది మొత్తం క్రోమియమో, ఎక్కువ విషపూరితమైన ఆరు సంయోజకత గల క్రోమియమో చదివేవారికి ఎలా తెలుస్తుంది?

రసాయనాల పేర్లతో వచ్చే గందరగోళం తప్పించడానికి సీఏఎస్ నంబర్లు ఉన్నాయి, అంటే ఒక్కో రసాయనానికి ఒక్కటే ఉండే గుర్తింపు సంఖ్యలు. అవి కూడా ఎక్సెల్ చేతిలో చిక్కుకుంటాయి. పిక్లోరామ్ అనే కలుపు మందు నంబరు 1918-02-1. గడిని ముందే అక్షరాల గడిగా మార్చకపోతే ఎక్సెల్ దాన్ని 1918 ఫిబ్రవరి 1గా చదువుతుంది. కొన్ని జన్యువుల పేర్లను కూడా ఎక్సెల్ ఇలాగే తేదీలుగా మార్చేస్తుంటే, ఆ బాధ పడలేక 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ప్రయోగశాలలు పంపిన కోవిడ్ ఫలితాలను 65,536 వరుసలకు మించి పట్టని పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించారు. దాంతో కోవిడ్ ఉన్నట్టు తేలిన 15,841 ఫలితాలు ఆ రోజుల్లో లెక్కలోకి రాలేదు. వారిని కలిసినవారిని వెతకడం ఆలస్యమైంది. పరీక్షలు సరిగ్గానే జరిగాయి. తప్పంతా ఫలితాన్ని చేరవేయడంలోనే జరిగింది.

ఇది ప్రయోగశాలల బాధ్యత కదా అని మీ అధికారులు అనవచ్చు. మా వంతు బాధ్యత మాదే, కాదనను. అయితే ఏ గడులు ఉండాలో, అందులో ఏమి పట్టాలో నిర్ణయించేది మేము కాదు. ఫలితానికి ఒక గడి, 'కనబడలేదు' అని చెప్పే గుర్తుకు వేరే గడి, గుర్తింపు పరిమితికి మరొకటి ఇవ్వండి. యూనిట్, లెక్కగట్టిన తీరు, వడకట్టారా లేదా, వాడిన పద్ధతి, ఇవన్నీ మేము సొంత మాటల్లో టైపు చేయకుండా మీరు ప్రచురించిన జాబితా నుంచి ఎంచుకునేలా చేయండి. ప్రయాణంలో నమూనా కలుషితమైందా అని చూడటానికి శుద్ధమైన నీటితో నింపి పంపే 'ఖాళీ' నమూనాలనూ, ఒకేచోట రెండుసార్లు పట్టిన జంట నమూనాలనూ వాటి రకం పేరుతోనే తీసుకోండి. వాటికి చోటు లేకపోవడం వల్ల కొందరు వాటిని పంపడమే మానేస్తున్నారు. మిగతా ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పేవి అవే.

మరో విన్నపం ఉంది. పోర్టల్ మా ఫైలును ఏ నియమాలతో తనిఖీ చేస్తుందో, ఆ తనిఖీ సాధనాన్నే ఉచితంగా మాకూ ఇవ్వండి. పంపకముందే మా దగ్గరే తప్పు దొరికితే గడువు రోజున గుర్తులు చెరిపే అవసరం రాదు. ఫైలు తిప్పి పంపినప్పుడు 'ఫైలు ఆకృతి సరిగా లేదు' అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఎన్నో వరుస, ఏ గడి, ఎందుకు అన్నది చెప్పాలి. మంచి సాఫ్ట్‌వేర్ కొనగల పెద్ద ప్రయోగశాలలు ఎలాగో నెగ్గుకొస్తాయి. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చిన్నవాటికి ఈ సాయం చాలా పెద్దది. ఆకృతి మార్చాల్సి వస్తే ఆరు నెలల ముందు చెప్పండి. ఒకసారి పంపిన ఫలితాన్ని సవరించినప్పుడు పాతది చెరిగిపోకుండా, ఎప్పుడు ఎందుకు మారిందో కనబడేలా రెండూ ఉంచండి.

కొత్త ఆకృతిని ఖరారు చేసే ముందు దాన్ని రాసే అధికారిని ఒక్కరోజు ఏదైనా చిన్న ప్రయోగశాలకు పంపించండి. ఫైలు తయారుచేసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని, మొదటి వరుస నుంచి అప్‌లోడ్ వరకూ చూడమనండి. మా దగ్గరికే వస్తానంటే, అన్ని రకాల ఫలితాలూ ఉన్న ఒక ఫైలును ఆ రోజుకు సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
ప్రయోగశాలలో ఫలితాల ఫైళ్లు చూసే ఒక ఉద్యోగి